దుక్కి, పదును, నేల ఆరోగ్యం: నాంపల్లి మడుల నుంచి చెలకల దాకా

వ్యాససంగ్రహం: విత్తే ముందు నేలను దున్నడం మేలా, కీడా అన్న చర్చ సాధారణంగా దుక్కి అవసరమా, అనవసరమా అన్న రెండు కొసల మధ్య నడుస్తుంది. తెలుగు రైతు పలుకుబడిలోని ‘పదును’ అన్న భావన ఈ ప్రశ్నను మరో రూపంలో అడుగుతుంది. నేలలో తేమ ఏ స్థితిలో ఉన్నప్పుడు, ఎంత లోతున, ఎన్నిసార్లు దున్నుతున్నారన్నదే నేల ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుందని, దున్నిన నేలకు కప్పు లేకపోతే ఆ మేలు కొద్ది రోజులకే పరిమితమని ఈ వ్యాసం హైదరాబాదు పరిసరాల నేలల ఆధారంగా వివరిస్తుంది.

కీలకపదాలు: దుక్కి, పదును, అదను, చెలక, రేగడి, నేల కట్టుబడి, సేంద్రియ కర్బనం, రోటవేటర్.

1. ప్రవేశిక

హైదరాబాదులోని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో ఉద్యానశాఖ ప్రధాన కార్యాలయం ఉంది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూడా సాహిత్య అకాడెమీ వంటి సంస్థలను తనలో కలుపుకొని చాలాకాలం ఇదే ఆవరణ నుంచి పనిచేసింది. ఒకటి మొక్కల సంగతి చూసే కార్యాలయం, మరొకటి మాటల సంగతి చూసే సంస్థ. ఈ రెండింటి మధ్య నడిచి వెళ్ళడానికి అయిదు నిమిషాలు చాలు. కాని రైతు మాట శాస్త్రగ్రంథంలోకి, శాస్త్రపు మాట రైతు దగ్గరికి చేరిన సందర్భాలు మాత్రం తక్కువే.

ఆ దూరాన్ని తగ్గించిన కృషిలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం ముఖ్యమైనది. ఊళ్ళకు వెళ్ళి, రైతుల నోట విన్న మాటలను అవి వాడే ప్రాంతాలతో సహా నమోదు చేసిన గ్రంథమది. తెలుగు మాండలికాల సరిహద్దులను నిర్ణయించడానికి ఆ సామగ్రి ఎంతో తోడ్పడింది కనుక భాషాశాస్త్ర విద్యార్థులు దానిని ఆ దృష్టితోనే చదువుతారు. ముద్రణలో లేని ఇటువంటి పుస్తకాల కోసం అబిడ్స్ కాలిబాటల మీద ఆదివారం పూట వెతకడం హైదరాబాదు పరిశోధకులకు అలవాటైన పనే. అయితే వృత్తిపదాన్ని ధ్వనిభేదం కోసమే కాక, ఆ పదం వెనుక ఉన్న పని కోసం చదివితే వేరొక లాభం ఉంటుంది. దుక్కికి సంబంధించిన మాటలు ఈ విషయంలో మంచి ఉదాహరణ.

వేసవి దుక్కి, లోతు దుక్కి, ఇరువాలు, గుంటక తోలడం, దమ్ము చేయడం వంటివన్నీ ఇంగ్లీషు పాఠ్యగ్రంథంలో ఒకే శీర్షిక కింద ఇమిడిపోతాయి. వాటి నుంచి తెలుగు చేసిన వాచకాలలోనూ ‘నేల తయారీ’ అన్న ఒక్క మాటే మిగులుతుంది. రైతుకు అవి వేర్వేరు పనులు. ఇరువాలు దున్నడం, అంటే మొదటి చాళ్ళకు అడ్డంగా మళ్ళీ దున్నడం, ఎందుకు అవసరమైందో నాటు నాగలి పనితీరే చెబుతుంది. నాటు నాగలి మట్టిని తిరగవేయదు, చీల్చుకుంటూ పోతుంది. చాలుకూ చాలుకూ మధ్య దున్నని నేల కొంత మిగిలిపోతుంది. రెక్క నాగలి మట్టిని కోసి బోర్లిస్తుంది కనుక అక్కడ ఇరువాలు అవసరం తగ్గుతుంది. అయితే నేల పైపొరలోని జీవం అడుక్కి వెళుతుంది. పనిముట్టు మారితే మాట మారుతుంది, నేలకు జరిగేదీ మారుతుంది.

2. పదును అనగా

కత్తి వాదరకూ నేల తేమకూ తెలుగులో ఒకే మాట ఉండడం ఆసక్తికరం. నేల విషయంలో పదును అంటే కేవలం తడి కాదు. నాగటికి లొంగేటంత మెత్తన, కర్రుకు అంటుకోనంత పొడి కలిసిన స్థితి. ‘అదను, పదును’ అని జంటగా అనడంలో అదను కాలానికి సంబంధించింది, పదును నేలకు సంబంధించింది. ఏరువాక పున్నమి నాటికి అదను వచ్చినా, పదును రాకపోతే అరక కదలదు.

శాస్త్రం ఇదే విషయాన్ని మరో దారిలో చేరుకుంది. స్వీడన్ శాస్త్రవేత్త అటర్‌బర్గ్ 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో బంకమట్టి ఏ తేమ దగ్గర పొడిపొడిగా రాలుతుందో, ఏ తేమ దగ్గర ముద్దలా వంగుతుందో కొలిచే పద్ధతిని రూపొందించాడు. మట్టిని అరచేతితో నేలపై దొర్లిస్తే సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న దారంలా సాగి, అప్పుడే విరగడం మొదలుపెట్టే తేమను ప్లాస్టిక్ పరిమితి అంటారు. దున్నడానికి అనువైన తేమ ఈ పరిమితికి కొంచెం కింద ఉంటుందని నేల భౌతికశాస్త్రం చెబుతుంది. రైతు పిడికెడు మట్టిని నొక్కి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదిలి, అది పగిలి రాలితే దున్నవచ్చునని, అణిగి ముద్దగా ఉంటే ఆగాలని తేల్చుకొనే పరీక్ష కూడా అదే హద్దును పట్టుకుంటుంది.

హద్దుకు ఈ పక్కా ఆ పక్కా జరిగే నష్టాలు వేర్వేరు. పదును మించిన తడిలో దున్నితే మట్టి రేణువులు ఒకదాని మీద ఒకటి జారి, రంధ్రాలు మూసుకుపోతాయి. నాగటి అడుగున నేల మెరుగు పెట్టినట్టు నున్నగా అవుతుంది. ఆరిన తరువాత ఇటుకల వంటి పెళ్ళలు లేస్తాయి. పదును తప్పి ఎండిన తరువాత దున్నితే పెద్ద గడ్డలూ, వాటి మధ్య దుమ్మూ మిగులుతాయి. ఆ దుమ్మే తొలివానకు పైపొర రంధ్రాలలో కూరుకుపోతుంది. ఒకే పొలం, ఒకే నాగలి, ఒకే లోతు. నాలుగు రోజుల తేడాతో ఫలితం తలకిందులవుతుంది.

3. దున్నినప్పుడు నేలలో జరిగేది

ఆరోగ్యమైన నేల విడివిడి రేణువుల కుప్ప కాదు. ఇసుక, ఒండ్రు, బంక రేణువులు సేంద్రియ పదార్థపు జిగురుతో, వేళ్ళ స్రావాలతో, శిలీంధ్రాల సన్నని పోగులతో అతుక్కొని చిన్న చిన్న రవ్వలుగా ఏర్పడతాయి. రవ్వ లోపలి సన్నని రంధ్రాలు నీటిని పట్టి ఉంచుతాయి. రవ్వల మధ్య ఉన్న పెద్ద సందులు వాన నీటిని లోపలికి దించి, గాలిని ఆడనిస్తాయి. నేల కట్టుబడి అంటే ఈ ఏర్పాటే. ఎర్రలు, చెదలు, చనిపోయిన వేళ్ళు చేసిన దారులు దీనికి అదనం. చెలక నేలల్లో నీరు లోతుకు దిగడంలో చెదల సొరంగాల పాత్ర తక్కువేమీ కాదు.

దుక్కి ఈ ఏర్పాటును కదిలిస్తుంది. మొదట కనిపించేది మేలే. గట్టిపడిన పైపొర విచ్చుకొని, నీరు ఇంకుతుంది. కలుపు వేళ్ళతో పైకి వస్తుంది. వేసవి దుక్కిలో నేలలో దాగిన పురుగుల కోశస్థ దశలు ఎండకు, కొంగలకు, కాకులకు దొరుకుతాయి. విత్తనానికి మట్టితో దగ్గరి స్పర్శ ఏర్పడి మొలక సమంగా వస్తుంది. తరతరాలుగా రైతు దున్నింది అజ్ఞానంతో కాదు.

నష్టం నెమ్మదిగా వస్తుంది. రవ్వల లోపల సూక్ష్మజీవులకు అందకుండా దాగి ఉన్న సేంద్రియ పదార్థం, రవ్వ పగలగానే గాలికీ వాటికీ చిక్కుతుంది. అవి దానిని తిని కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా విడిచిపెడతాయి. ఆ క్రమంలో కొంత నత్రజని విడుదలై పైరు పచ్చగా లేస్తుంది. దున్నిన ఏడు పంట బాగుందన్న అనుభవానికి ఇదొక కారణం. నిజానికి అది నిల్వ ధనంలోంచి తీసిన ఖర్చు. తెలంగాణ ఎర్ర నేలల్లో చాలాచోట్ల సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోపే ఉంటుంది. వేడి ఎక్కువ, తిరిగి చేరే చెత్త తక్కువ. చల్లని దేశాల నేలలు భరించే దుక్కిని ఈ నేలలు భరించలేకపోవడానికి మూలం ఇక్కడుంది.

ఏటా ఒకే లోతున నాగలి నడిస్తే దాని కింద గట్టి పొర ఏర్పడుతుంది. పైన మెత్తని మట్టి, కింద వేరు దిగని అరుగు. వర్షాలు సరిగా ఉన్న ఏడు ఈ లోపం బయటపడదు. ఇరవై రోజులు వాన మొహం చాటేసినప్పుడు మాత్రం పక్క పొలంలో పైరు నిలిచి, ఈ పొలంలో ఎండిపోతుంది.

4. పటాన్‌చెరు చెప్పిన సాక్ష్యం

నాంపల్లి కింద ఉన్నది గ్రానైటు. దాని నుంచి పుట్టిన ఎర్ర నేలే నగరం చుట్టూ చెలకలుగా విస్తరించి ఉంది. నగరానికి వాయవ్యంగా పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ క్షేత్రంలో ఈ ఎర్ర నేలా, నల్ల రేగడీ రెండూ ఉండడం పరిశోధనకు కలిసివచ్చిన సంగతి. దుక్కి గురించి ఈ ప్రాంతపు నేలలు స్వయంగా ఇచ్చిన సమాధానం అక్కడి ప్రయోగాలలో దొరుకుతుంది.

1980ల చివర ఎర్ర నేల మీద మొదలుపెట్టిన ఒక దీర్ఘకాల ప్రయోగంలో దున్నని మడులను, 10 సెంటీమీటర్ల లోతున దున్నిన మడులను, 20 సెంటీమీటర్ల లోతున దున్నిన మడులను పోల్చారు. ప్రతి రకంలోనూ కొన్నింటిని ఉత్తిగా వదిలారు, కొన్నింటికి పశువుల ఎరువు వేశారు, కొన్నింటిపై వరిగడ్డి పరిచారు. దున్నిన మడుల్లో నీటి పరుగు తగ్గిన మాట నిజమే. కాని ఆ మేలు నిలిచింది దున్నిన తరువాత సుమారు 20 రోజులే. ఆ తరువాత మిగిలిన కాలంలో దున్నిన నేల నుంచే ఎక్కువ నీరు పారిపోయే ధోరణి కనిపించింది. దున్నడంతో బలహీనపడిన రవ్వలు వానచినుకుల తాకిడికి కరిగి, పైపొర అట్టకట్టడమే ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు. గడ్డి పరిచిన మడుల్లో మాత్రం, దున్నినా దున్నకపోయినా, నీటి పరుగు నిలకడగా తగ్గింది.

ఈ ఫలితాన్ని దుక్కి వ్యతిరేకులు గానీ, దుక్కి పక్షపాతులు గానీ పూర్తిగా తమదని చెప్పుకోలేరు. చెలక స్వభావమే ఎండితే రాయిలా బిగుసుకోవడం. దున్నకుండా, కప్పు కూడా లేకుండా వదిలితే తొలకరి వాన దాని మీద నుంచి జారిపోతుంది. దున్ని, ఉత్తిగా వదిలితే మూడు వారాల తరువాత అదే గతి. కప్పు ఉన్నచోట దుక్కి ప్రశ్నకే పదును తగ్గింది.

రేగడి కథ వేరు. ఈ నేల ఎండినప్పుడు వెడల్పైన నెర్రెలు విచ్చి, తడిసినప్పుడు ఉబ్బి మూసుకొని, తనను తానే కొంత దున్నుకుంటుంది. అయితే దాని పదును కాలం బహు స్వల్పం. నిన్న రాయి, రేపు జిగురు, మధ్యలో ఒకటి రెండు రోజులే అరకకు అనుకూలం. అందుకే పూర్వం చాలా ప్రాంతాల్లో వానాకాలమంతా రేగడిని పంట లేకుండా ఉంచి, కలుపు కోసం గుంటక తోలుతూ, యాసంగిలో జొన్నో శనగో వేసేవారు. వానలు దంచికొట్టే నెలల్లో నేల బట్టబయలుగా ఉండేది. పాత పద్ధతి కదా అని దీనిని మెచ్చుకోవడానికి లేదు. నేల కోతకు ఇంతకంటె అనువైన ఏర్పాటు మరొకటి ఉండదు.

ఇక్రిశాట్ 1976 నుంచి నడుపుతున్న రేగడి నీటిపరీవాహక ప్రయోగం ఈ పద్ధతినే ప్రత్యామ్నాయంతో పోల్చింది. అక్కడ 150 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, సుమారు 105 సెంటీమీటర్ల వెడల్పు ఎత్తుమడి, 45 సెంటీమీటర్ల కాలువ వచ్చేలా నేలను తీర్చారు. పంట ఎప్పుడూ మడి మీదే, ఎద్దులూ చక్రాలూ ఎప్పుడూ కాలువలోనే. యాసంగి పంట కోసిన వెంటనే, నేలలో మిగిలిన కొద్దిపాటి తేమతో ఇంకా పదునుండగానే దున్ని, తొలకరికి ముందే పొడినేలలో విత్తారు. వానాకాలంలో నేలపై పైరు నిలిచింది. దశాబ్దాల సగటులో ఈ పద్ధతి హెక్టారుకు సుమారు 5 టన్నుల ధాన్యం ఇస్తే, పాత పద్ధతి సుమారు 1 టన్ను ఇచ్చింది. కొట్టుకుపోయిన మట్టి పాత పద్ధతిలోనే అనేక రెట్లు ఎక్కువ. ఇందులో ఎరువులకూ, మేలు రకాలకూ పెద్ద వాటా ఉంది కనుక మొత్తం ఘనత దుక్కిదని అనరాదు. అయినా దుక్కిని మానకుండా, దాని వేళనూ చోటునూ మార్చడం వల్ల నేల కర్బనం కూడా పెరిగిందన్నది గమనించవలసిన అంశం.

5. దున్నని సేద్యం

నేలను ఎంత మెత్తగా పొడిచేస్తే అంత మంచిదన్న నమ్మకానికి యూరపులో గట్టి ప్రచారకుడు జెత్రో టల్. వేళ్ళు సన్నని మట్టి రేణువులనే ఆహారంగా తీసుకుంటాయని అతడు 1731 నాటి తన గ్రంథంలో వాదించాడు. వాదన తప్పు, దాని ప్రభావం మాత్రం రెండు శతాబ్దాలు నిలిచింది. 1930లలో అమెరికా మైదానాల నుంచి మట్టి మేఘాలై లేచిన తరువాత గాని ఆ నమ్మకం కదలలేదు. 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ రెక్క నాగలినే దోషిగా నిలబెట్టాడు. జపానుకు చెందిన ఫుకువోకా దుక్కిలేని వరి గురించి రాసిన పుస్తకం ‘గడ్డిపరకతో విప్లవం’గా తెలుగు పాఠకులకూ చేరింది.

తెలుగు నేలకు ఇది విదేశీ ఊహ కాదు. కృష్ణా డెల్టా మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము, పెసర చల్లడం పాత అలవాటు. మడిలోని తేమతోనే అవి మొలుస్తాయి, నాగలి దిగదు. తరువాత అదే డెల్టాలో వరి మాగాణుల్లో దున్నకుండా మొక్కజొన్న వేయడం విస్తరించింది. దమ్ము చేసి కట్టుబడిని కావాలని చెరిపిన నేలను, ఆరిన తరువాత మళ్ళీ దున్నితే లేచేవి పెళ్ళలే కనుక, ఇక్కడ దున్నకపోవడమే లాభం. మరి దున్నకపోవడం అన్నిచోట్లా లాభమేనా?

2015లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష 63 దేశాలలో 48 పంటలపై జరిగిన 610 అధ్యయనాలను కలిపి చూసింది. దున్నని సేద్యంలో మొత్తం మీద దిగుబడి 5.7 శాతం తగ్గింది. అయితే పంట అవశేషాలను నేలపై ఉంచి, పంట మార్పిడి కూడా పాటించినచోట, పొడి వాతావరణపు వర్షాధార సేద్యంలో 7.3 శాతం పెరిగింది. పటాన్‌చెరు మడుల్లో గడ్డి చెప్పిన మాటనే ఈ అంకెలూ చెబుతున్నాయి.

చిక్కు ఆ గడ్డి దగ్గరే ఉంది. మహబూబ్‌నగర్, నల్లగొండ చెలకల్లో జొన్నచొప్ప పశువుల మేత, కందికట్టె వంటచెరకు. ‘అవశేషాలను పొలంలోనే వదలండి’ అన్న సలహా పశువులున్న రైతుకు వాటిని పస్తు పెట్టమన్నట్టు వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పే ప్రయత్నం ఈ చిక్కుకు ఒక జవాబు. కప్పును బయటి నుంచి తేకుండా పొలంలోనే పుట్టించడం అందులోని ఉపాయం.

6. రోటవేటర్ కాలం

ఎద్దుల అరక తగ్గి, ట్రాక్టరు అద్దెకు వచ్చే ఊళ్ళలో పదును నిర్ణయం రైతు చేతిలోంచి జారింది. ట్రాక్టరు ఊళ్ళోకి వచ్చిన రోజే దుక్కి రోజు. తన వంతు తప్పితే మళ్ళీ వారం. సుమారు 2 టన్నుల బండి తడినేల మీద తిరిగితే, దాని చక్రం కింద అణిగిన పొరను ఎద్దు గిట్టతో పోల్చనక్కరలేదు. రోటవేటర్ ఒక్క తిప్పుతో నేలను పిండిలా చేస్తుంది. చూపుకు ఇంపుగా, విత్తడానికి సులువుగా ఉంటుంది. నాగలి మిగిల్చిన చిన్నగడ్డలు చినుకు దెబ్బను కాచుకొనేవి. పిండి నేలకు ఆ రక్షణ లేదు. పైన అట్ట, నాలుగైదు అంగుళాల కింద కత్తుల తాకిడికి ఏర్పడిన గట్టి పొర. రోటవేటర్‌కు తప్పు లేదు. చెత్తను మట్టిలో కలపడానికి అది చక్కని యంత్రం. ఏటా ప్రతి పనికీ అదే వాడడం వల్ల వచ్చిన చేటు ఇది.

7. కార్డుకు అందనిది

కేంద్రప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేల ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ స్థాయిని తెలిపే విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం. వీటిలో చివరిది తప్ప దుక్కి వల్ల నేరుగా దెబ్బతినే అంశం లేదు. కట్టుబడి, ఇంకే వేగం, అడుగుపొర గట్టితనం కార్డులో కనబడవు. కనబడే వీలూ లేదు. పరీక్షకు పంపే మట్టిని ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. కట్టుబడి అన్నది ఆ దంపుడులోనే పోతుంది.

దానిని చూడాలంటే పొలంలోనే చూడాలి. ఎండిన చిన్న మట్టిగడ్డను గాజుగ్లాసు నీటిలో వదిలితే, నిమిషాల్లో కరిగి బురదయ్యే నేల బలహీనం. గంట తరువాతా ఆకారం నిలుపుకొనే గడ్డలో జీవపు జిగురు ఉన్నట్టు. పారతో ఒక అడుగు తవ్వి, వేళ్ళు నేరుగా దిగాయా, ఒకచోట తగిలి పక్కకు తిరిగాయా అని చూస్తే అడుగుపొర సంగతి తెలుస్తుంది. వ్యవసాయ కళాశాలలే కాదు, వృక్షశాస్త్ర విభాగమున్న ఏ డిగ్రీ కళాశాల అయినా చేయించగల పరీక్షలివి.

8. నగరపు మడి

ఇదంతా పొలాలకే పరిమితం కాదు. అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో ఇంటి ముందరి నాలుగడుగుల మడి, కళాశాల ఆవరణలోని పూలమడి కూడా నేలే. కాకపోతే ఇక్కడి మట్టి పొరల్లో ఇటుకముక్క, సున్నం, సిమెంటు పెళ్ళ కలిసి ఉంటాయి. సున్నం, సిమెంటు క్షారగుణాన్ని పెంచుతాయి. ఇనుము నేలలో ఉండి కూడా మొక్కకు అందక లేతాకులు పాలిపోవడం ఇటువంటి మట్టిలో సాధారణం. అన్నిటికంటె పెద్ద సమస్య అణగడం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తరువాత సమీపంలోని ఎగ్జిబిషన్ మైదానానికి మారిన నుమాయిష్ ఏటా జనవరి 1 నుంచి సుమారు నెలన్నర జరుగుతుంది. అన్ని లక్షల పాదాలు తొక్కిన నేల ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తోటలో నడకదారి పక్క నేలలోకీ, పాత చెట్టు కింద ఆకు కుళ్ళిన నేలలోకీ ఒకే ఇనుపచువ్వను గుచ్చి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

ఇంతగా అణగిన నేలను తవ్వకుండా మొక్క నాటమనడం మాటవరసకే బాగుంటుంది. ఒక్కసారి లోతుగా కదిలించక తప్పదు. తవ్వి బోర్లించడం కంటె, గడ్డపార లోతుగా దించి నేలను పైకెత్తి వదిలితే పొరలు కలగకుండానే పగుళ్ళు విచ్చుకుంటాయి. ఆ పగుళ్ళలో చివికిన ఎరువు నింపి, పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకు పరిస్తే, మిగిలిన పని వేళ్ళూ ఎర్రలూ చేస్తాయి. ఆ తరువాత ఏటేటా తవ్వనక్కరలేదు, మడిలో కాలు పెట్టకుండా ఉంటే చాలు. చెలక రైతుకు దొరకని గడ్డి, నగరపు తోటల్లో రాలుటాకు రూపంలో ఉచితంగా ఉంది. చాలాచోట్ల దానిని ఊడ్చి బయటికి పంపి, ఎరువు సంచులు లోపలికి కొనితెస్తున్నారు.

ఆ ఒక్క తవ్వకానికీ వేళ ఉంది. జూన్‌లో మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు మట్టి పారకు అంటుకుంటుంది. ఎర్ర మట్టయితే రెండు మూడు రోజులు, నల్ల మట్టి కలిసి ఉంటే ఇంకొంత ఎక్కువ ఆగి, జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, ఉండ కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలి చూడాలి.